పట్టాలకి తుప్పు రంగు వేస్తే గేటుకి కొట్టిన రెడ్ ఆక్సైడ్‌లా ఉంది, పైగా ఇంజన్ కదలట్లేదు

కొత్తవలస_లోకల్:

అందరికీ నమస్తే. మేడ మీద గదిలో ఆరడుగుల ప్లైవుడ్ మీద హెచ్‌ఓ స్కేల్లో (అసలు రైలులో 87వ వంతు) చిన్న మోడల్ రైల్వే స్టేషన్ కడుతున్నాను. ఫలానా స్టేషన్ అని కాదు గానీ మనసులో ఉన్నది మాత్రం మన కేకే (కొత్తవలస–కిరండూల్) లైనే, శివలింగపురం దాటాక ఘాట్‌లో వచ్చే స్టేషన్లలాంటిది. ఒక మెయిన్, దాని పక్కన ఒక లూప్ లైను, చివర వ్యాగన్లు నిలబెట్టే చిన్న సైడింగ్, ఒక లైను నుంచి ఇంకోదానికి మళ్ళించే రెండు పాయింట్లు. ట్రాక్ కోడ్ 100 (పట్టా ఎత్తుని చెప్పే నంబరు) ఫ్లెక్సీ, అంటే వంచగలిగేది, కింద చెక్క స్లీపర్లలా (అడ్డ దిమ్మెలు) గోధుమరంగు ప్లాస్టిక్‌వి ఉన్నది.

పట్టాలు వెండిలా తళతళలాడుతుంటే బొమ్మరైలులా ఉందని పోయిన ఆదివారం హార్డ్‌వేర్ షాపులో రెడ్ ఆక్సైడ్ స్ప్రే డబ్బా కొని మొత్తం కొట్టేశాను. ఆరాక చూస్తే పట్టాలు, స్లీపర్లు అన్నీ ఒకే ఎరుపు, అచ్చం పెయింట్ వేయడానికి రెడీ చేసిన ఇనుప గేటులా ఉంది. పట్టాల పైన గుడ్డతో తుడిచాను, అయినా ఇంజన్ మెయిన్‌లో నడిచి మొదటి పాయింట్ దగ్గరకి రాగానే చచ్చినట్టు ఆగిపోతోంది. వేలితో తోస్తే మళ్ళీ నడుస్తుంది. ఇంకా కంకర పోయలేదు. ఇది బాగుపడుతుందా, పీకేసి కొత్త ట్రాక్ వేయాలా? కొత్తది అంటే మళ్ళీ ఐదారు వేలు, ఇంట్లో చెప్పే ధైర్యం లేదు.

మాజీ_పీవే:

బాబూ, మోడల్ రైళ్ళు నాకు తెలీవు, మనవడు ఈ ప్రశ్న చూపించాడు. పీవేలో, అంటే పట్టాల బాగోగులు చూసే పనిలో, ముప్పై ఏళ్ళు పట్టాల పక్కన నడిచినవాణ్ణి కాబట్టి రంగు గురించి మాత్రం చెప్తాను. మీరు వేసింది కొత్త తుప్పు. కొత్త పట్టా దింపి పక్కన పడేసి నాలుగు వానలు పడితే వచ్చే నారింజ రంగది. రైళ్ళు తిరిగే లైన్లో పట్టా పక్కలు అలా ఉండవు. కొత్త చింతపండుకీ రెండేళ్ళ చింతపండుకీ ఉన్న తేడా తెలుసు కదా, ఆ పాత చింతపండు రంగు, పైన కాస్త దుమ్ము అద్దినట్టు ఉంటుంది. దాంట్లో ఎరుపు వెతికితే గానీ కనపడదు.

పైన మెరిసేది కూడా పట్టా మొత్తం వెడల్పు కాదు, చక్రం ఆనే మేరకే, ఒక పట్టీలా. మెయిన్‌లో అద్దంలా ఉంటుంది, లూప్‌లో మసకగా ఉంటుంది, నెలకోసారి వ్యాగన్ పెట్టే సైడింగ్‌లో పైన కూడా తుప్పే. ప్లాట్‌ఫాం దగ్గర ఇంకో రకం. పెట్టెల కింద నుంచి పడిన నీళ్ళకీ మలానికీ పట్టా అడుగు పొరలు పొరలుగా లేచిపోయేది, బయో టాయిలెట్లు వచ్చాక నయం. తుప్పు ఎక్కువ పట్టే చోట తారు లాంటి నల్ల రంగు పూస్తాం, కాబట్టి అక్కడ పట్టా నల్లగా కనిపించినా తప్పు కాదు. పాయింట్ల కింద జారే పలకల మీద గ్రీజు, దాని మీద దుమ్ము, అది నలుపే. ఇంజన్ ఆగే చోట రెండు పట్టాల మధ్య నూనె మరకలుంటాయి.

ఇక కేకే లైను సంగతి వేరు. బైలాడిలా ఇనుప ఖనిజం వ్యాగన్‌లో చూస్తే ఉక్కులా నీలం నలుపుగా ఉంటుంది, పొడి అయితే మాత్రం ఎరుపు. ఆ ఎరుపు పట్టా మీద కాదు, స్లీపర్ల చివరలూ కంకర భుజం మీదా కూర్చుంటుంది. లోడు బళ్ళు ఘాట్ దిగేవే కాబట్టి బ్రేకుల పొడి కూడా కలుస్తుంది. ఇంకోమాట, ఇప్పటి మెయిన్‌లో చెక్క స్లీపర్ ఎక్కడుంది బాబూ? అన్నీ కాంక్రీటు. ఏ కాలం నాటిది చేస్తున్నారో ముందు తేల్చుకోండి.

రైలుగది_హైదరాబాద్:

అన్నా, పీకకు. పీవే సార్ చెప్పిన దానికి పైన ఒక్క ముక్క చేర్చలేను గానీ కరెంటు సంగతి నేను చెప్తా, ఎందుకంటే ఇదే తప్పు నేనూ చేసి ఒక పాయింట్ పాడుచేసుకున్నా.

బొమ్మ ఇంజన్‌కి కరెంటు పట్టాల నుంచే చక్రాల ద్వారా వస్తుంది. పట్టా పైన తుడిచేసరికి పనైపోయిందనుకున్నావు. పాయింట్‌లో కదిలే బ్లేడు పక్క పట్టాని ఆనుకునే లోపలి ముఖం ఉంటుంది చూడు, చాలా పాయింట్లలో బ్లేడుకి కరెంటు వచ్చేది ఆ తాకిడి నుంచే. అక్కడా, బ్లేడు మొదట్లో ఉన్న కీలులోనూ స్ప్రే దూరి ఎండిపోయింది. టార్చి పెట్టి చూడు, ఎర్రగా కనిపిస్తుంది. బ్లేడుని సగంలో ఆపి చీపురుపుల్ల చివర గుడ్డ చుట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి రుద్దు, మెత్తబడ్డాక టూత్‌పిక్‌తో గీకు. సందులో తెల్ల కాగితం ముక్క పెట్టి బ్లేడు మూసి లాగితే మరక రాకూడదు, వచ్చినంతసేపూ ఇంకా రంగు ఉన్నట్టే. పెయింట్ థిన్నర్ మాత్రం వాడకు, ప్లాస్టిక్ స్లీపర్‌ని తినేయొచ్చు. గరుకు కాగితంతోనూ పట్టా పైన రుద్దకు, గీతలు పడితే ఆ గీతల్లోనే మళ్ళీ మురికి పడుతుంది. రెండు పట్టా ముక్కల్ని కలిపే ఫిష్‌ప్లేట్లలోకి కూడా రంగు పీల్చుకుంటుంది, కాబట్టి కరెంటుకి ఒక్క వైరు మీద ఆధారపడకుండా ప్రతి ముక్కకీ కింద నుంచి వైరు టంకం పెట్టు. కంకర పోయకముందే ఈ పనులన్నీ అయిపోవాలి.

రంగు కోసం నీ రెడ్ ఆక్సైడ్ వృథా కాదు, అదే కింది పొర అనుకో. దాని మీద మామూలు ఆర్ట్ షాపు ఆక్రిలిక్ బర్న్ట్ అంబర్ రెండు వంతులు, నలుపు ఒక వంతు, చిటికెడు తెలుపు కలిపి చిన్న బ్రష్‌తో పట్టా పక్కల మాత్రమే వెయ్యి. తెలుపు ఎందుకంటే బొమ్మ చిన్నది కాబట్టి అసలు రంగు యథాతథంగా వేస్తే మరీ ముదురుగా కొడుతుంది. జానెడు వేసి వెంటనే పైన తుడుచుకుంటూ పో, ఆరనివ్వకు. పాయింట్ల దగ్గర స్ప్రే జోలికే వెళ్ళకు, బ్రష్ మాత్రమే. విసుగు పనే, మూడడుగుల ముక్కకి నాకు అరగంట పడుతుంది, పాటలు పెట్టుకుని చేస్తా.

స్లీపర్లకి బూడిద రంగు వెయ్యి, కానీ అన్నీ ఒకేలా వద్దు, పదింట్లో ఒకటి కాస్త తేడాగా. ఖనిజం దుమ్ముకి బయట పౌడర్ కొనక్కర్లేదు, జేగురు చాలు. అదీ ఐరన్ ఆక్సైడే కదా. మెత్తగా నూరి టీ వడపోతలో జల్లించి, కంకర అతికాక పొడి బ్రష్‌తో అద్దు. ఎంత వేయాలనిపిస్తే అందులో సగం వెయ్యి.

కంకర కోసం భీమిలి ఇసుక దగ్గరే కదా అని తెచ్చేవు, వద్దు. అందులో ఉప్పూ ఉంటుంది, నల్ల ఇసుకలో అయస్కాంతానికి అతుక్కునే ఖనిజమూ ఉంటుంది, అది నేరుగా మోటారులోకి పోతుంది. క్రషర్ డస్ట్ కడిగి జల్లించుకో, అసలు కంకర 50 మిల్లీమీటర్లు అనుకుంటే మన స్కేల్లో అర మిల్లీమీటరు పైచిలుకు, అంటే బొంబాయి రవ్వ లాంటిది. జల్లించాక దాని మీద కూడా అయస్కాంతం తిప్పు.

డాలస్_రాజు:

కోడ్ 100 అంటే పట్టా ఎత్తు 2.54 మిల్లీమీటర్లు, 87తో గుణిస్తే 22 సెంటీమీటర్ల ఎత్తు పట్టా! మన మీటరుకి 60 కేజీల బరువుండే అసలు పట్టా ఎత్తు 17 సెంటీమీటర్ల చిల్లర. ముదురు రంగు వేస్తే ఆ ఎత్తు చాలావరకు దాక్కుంటుంది, అందుకే రంగు తప్పనిసరి. ఈసారి కొంటే కోడ్ 83 కొనండి. వానాకాలంలో స్ప్రే కొడితే తేమకి తెల్లగా పాలిపోతుంది, అదీ గుర్తుంచుకోండి.

బ్రాడ్‌గేజ్_భక్తుడు:

పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లే ఉన్న ట్రాక్ మీద ఇండియన్ రైల్వే ఏంటండీ, మన గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) 1676 మిల్లీమీటర్లు, హెచ్‌ఓలో 19.3 రావాలి. ముందు అది సరిచేయండి, తర్వాత తుప్పు.

రైలుగది_హైదరాబాద్:

భక్తుడు గారూ, ఆ గొడవకి వేరే ప్రశ్న పెట్టండి, వచ్చి కొట్టుకుందాం. ఇక్కడ పాపం ఆయన ఇంజన్ ఆగిపోయింది.

కొత్తవలస_లోకల్:

మూడు రాత్రులు పట్టింది. కాగితం ముక్క మొదటిసారి లాగితే ఎర్రటి గీత, ఏడోసారికి తెల్లగా వచ్చింది. ఇంజన్ పాయింట్ దాటేసింది! రెండో పాయింట్ తర్వాత ఇంకో చోట ఆగింది, అది ఫిష్‌ప్లేటే, వైరు టంకం పెట్టాక పోయింది. పాత చింతపండు రంగు కలపడానికి నిజంగానే వంటింట్లోంచి చింతపండు తెచ్చి పక్కన పెట్టుకున్నాను, పీవే తాతగారికి దండాలు. స్లీపర్లు మార్చలేను కాబట్టి పాత కాలం స్టేషనే అనుకుంటున్నాను. ఫొటో పెట్టాను, చూడండి.

మాజీ_పీవే:

చాలా బాగుంది బాబూ, మెయిన్ అయితే నిజమే అనుకున్నాను. సైడింగ్ పట్టా పైన మెరుస్తోంది, అది తప్పు. అక్కడ తుడవకుండా ఉండాల్సింది.

కొత్తవలస_లోకల్:

తుడవకపోతే ఇంజన్ అక్కడికి వెళ్ళి ఇక రాదు తాతగారూ!

రైలుగది_హైదరాబాద్:

సైడింగ్ చివర రైలుని ఆపే బఫర్ ముందు నాలుగంగుళాలు తుడవకుండా వదిలెయ్ అన్నా. అక్కడ వ్యాగన్ నిలబెట్టు, ఇంజన్ దాని ఇవతలే ఆగుతుంది.