రెండు ఇంజన్ల బోటులో ఒకటి ఆగిపోతే ఘాట్‌కు ఎలా చేర్చాలి?

రేవు మనిషి, కాళేశ్వరం:
గోదావరిలో మేము నడిపే బోటుకు వెనుక 40 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజన్లు రెండు ఉన్నాయి. మొన్న సిరోంచ వైపు నుంచి తిరిగి వస్తుండగా తెగిన వల ముక్క ఒకటి ఎడమ ప్రొపెల్లర్‌కు చుట్టుకుని ఆ ఇంజన్ ఆగిపోయింది. మిగిలిన దానితో వద్దామంటే బోటు పదేపదే ఎడమకే లాగింది; కంగారులో యాక్సిలరేటర్ పూర్తిగా ఇస్తే ఇంకా తిరిగిందే తప్ప వేగం పెరగలేదు. ఆగిన ఇంజన్‌ను నీళ్లలోనే ఉంచాలా, పైకి ఎత్తాలా? ప్రాణహిత కలిసే చోట వడి ఎక్కువ కాబట్టి ఘాట్‌కు ఎటు నుంచి రావాలో కూడా తెలిసినవారు చెప్పగలరు.

మెకానిక్, హన్మకొండ:
కుడి ఇంజన్ ఒక్కటే తోస్తే ముందు భాగం ఎడమకు తిరగడం సహజం, కాబట్టి స్టీరింగ్‌ను కొంత కుడికి పట్టి ఉంచాలి. ఆగినదాన్ని పైకి ఎత్తేయండి. నీళ్లలో ఉంటే అది బోటును వెనక్కి పట్టి ఆ లాగుడును పెంచుతుంది. రెండు ఇంజన్లు పంచుకునే బరువుకు అమర్చిన ప్రొపెల్లర్ ఒక్కదానికే భారమవుతుంది గనుక, పూర్తి యాక్సిలరేటర్ ఇచ్చినా ఆర్‌పీఎం అందక ఇంజన్ ముక్కుతూ వేడెక్కుతుంది. వేగం పెరగడం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి కాస్త తగ్గించి, ఇంజన్‌ను చల్లబరిచి పక్కన చిమ్మే నీటి ధార సన్నబడుతోందేమో చూస్తూ రండి. ఇదంతా అవుట్‌బోర్డ్ సంగతి. ఇంజన్ లోపల ఉండే లాంచీలలో ఆగిన ఇంజన్ తాలూకు ప్రొపెల్లర్ షాఫ్ట్ నీటి ఒరవడికి తిరుగుతూనే ఉంటుంది, కొన్ని గేర్‌బాక్సులకేమో ఇంజన్ నడిస్తేనే ఆయిల్ అందుతుంది. కాబట్టి షాఫ్ట్‌ను బిగించాలా వద్దా అన్నది కంపెనీ పుస్తకం చూసే తేల్చుకోవాలి.

పాత సరంగు, మంథని:
ఎగువకు ముఖం పెట్టి రండి తమ్ముడూ, నీటి వడే బ్రేకు అవుతుంది. కాళేశ్వరం గోదావరి కుడి గట్టున ఉంది కాబట్టి ఎగువకు తిరిగితే ఘాట్ మీ ఎడమ చేతి వైపు పడుతుంది; ఆగింది కూడా ఎడమదే కావడం మీ అదృష్టం, ఎందుకంటే చివర్లో కుడి ఇంజన్‌కు రివర్స్ వేస్తే బోటు వెనుక భాగం గట్టుకే చేరుతుంది. ఆగింది కుడిదైతే అదే రివర్స్ వెనుక భాగాన్ని నదిలోకి తిప్పుతుంది, అప్పుడు ముందుగా తాడు విసిరి ముక్కు కట్టించుకోవాలి. నడి నీళ్లలో వల తీయాల్సి వస్తే లంగరు ముందు నుంచే వేయండి. వెనుక నుంచి వేస్తే వడికి నీళ్లు లోపలికి ఎక్కుతాయి. రెండు ఇంజన్లూ ఆపి, తాళాలు జేబులో వేసుకున్నాకే ప్రొపెల్లర్ మీద చెయ్యి పెట్టాలి.

రేవు మనిషి:
ధన్యవాదాలు అన్నా. రెండు ఇంజన్లను కలిపే కడ్డీ మా బోటుకు ఉంది. ఒకదాన్నే ఎత్తితే అది వంగదా?

మెకానిక్:
కొన్ని కడ్డీలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. బోటు ఘాట్‌కు కట్టి ఉన్నప్పుడే, స్టీరింగ్ తిన్నగా పెట్టి, ఒక్కో ఇంజన్‌ను మెల్లగా ఎత్తి చూసుకోండి.