నాన్నకి మా కాలవ కనిపించే పాత పటం కావాలి

రాజోలు అబ్బాయి:
మాది రాజోలు దగ్గర పల్లె. నాన్న ముప్పై ఏళ్లు కాలవ మీద లస్కరుగా, అంటే కాలవనీ నీళ్లనీ చూసుకునే పనిలో, చేశారు. ఇప్పుడు 82. నడవలేరు, హాల్లో కుర్చీలో కూర్చుని ఎదురుగోడ చూస్తూ ఉంటారు. ఆ గోడకి పాత గోదావరి పటం పెడదామని నిరుడు ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. 1700ల నాటి ఫ్రెంచి పటానికి నకలు, ఓడలూ దిక్సూచీ బొమ్మలతో ఎంతో అందంగా ఉంది. నాన్న చాలాసేపు చూసి "మన కాలవ ఏదిరా?" అన్నారు. నిజంగానే లేదు! పైగా ఒక్క వర్షాకాలానికే గోధుమరంగు మచ్చలు పడ్డాయి, ఓ మూల కాగితం అద్దానికి అతుక్కుపోయింది. కాలవలు కనిపించే పాత పటం ఎక్కడ దొరుకుతుంది? మన చెమ్మకి ఎలా నిలుస్తుంది?

పాత పటాలు:
ఆ కాలం పటంలో మీ కాలవ ఉండదండి. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో, పూర్తయింది 1852లో. మన డెల్టా కాలవలు దానితో పుట్టినవే. 1782లో ఇంగ్లీషు సర్వేయరు రెన్నెల్ అచ్చు వేసిన హిందూస్తాన్ పటం చూసినా అంతే, నది ఉంటుంది, కాలవలు ఉండవు. మీ నాన్నగారికైతే 1950లవి వెతకండి. అమెరికా సైన్యం ఆ రోజుల్లో వేసిన భారతదేశం పటాలు టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ సైట్లో ఉచితంగా ఉన్నాయి. సెంటీమీటరుకి రెండున్నర కిలోమీటర్లు, కాబట్టి పెద్ద కాలవలు తెలుస్తాయి. నాన్నగారి చిన్నతనం నాటి కోనసీమ అది. ప్రింటు ముందు పిక్సెళ్లు చూసుకోండి. అంగుళానికి 300 చొప్పున 24 అంగుళాల వెడల్పుకి 7,200 కావాలి. అన్ని లేకపోతే చిన్నదే వేయించండి, సాగదీస్తే ఊరి పేర్లు చదవలేం.

ఫ్రేముల పని, అమలాపురం:
అతుక్కుపోయిందంటే అద్దానికీ కాగితానికీ మధ్య ఖాళీ వదల్లేదన్నమాట. పటం చుట్టూ మౌంట్ బోర్డు, అంటే అద్దానికి కాగితం తగలకుండా అంచుల మీద ఉండే మందపాటి అట్ట చట్రం, పెట్టించండి, ఆసిడ్ లేనిది. వెనకాల పాత అట్ట, న్యూస్‌పేపరు వద్దు, వాటి నుంచి కూడా మచ్చలు వస్తాయి. పిగ్మెంట్ ఇంకుతో వేయమని గట్టిగా అడగండి. మామూలు ఇంకు మన గాలికి అలుక్కుంటుంది, ఎండకి వెలిసిపోతుంది. వాన కొట్టే బయటి గోడకి తగిలించకండి, లోపలి గోడైతే మేలు. ఫ్రేము కింది రెండు మూలలకీ వెనకవైపు చిన్న బెండు ముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది. అద్దం తుడిచేటప్పుడు నీళ్లు గుడ్డ మీద చల్లుకోవాలి, అద్దం మీద కాదు.

యానాం నుంచి:
ఆ ఫ్రెంచి పటం పారేయకండి అన్నా. మచ్చలున్నా సరే. ఆ రోజుల్లో కోరంగికి పెద్ద పెద్ద ఓడలు వచ్చేవి, 1839 తుఫానుకి ముందు. మా ఇంట్లోనూ అలాంటిదే ఉంది. పిల్లలు రోజూ దాంట్లో కోరంగి వెతుకుతారు.

రాజోలు అబ్బాయి:
అందరికీ చాలా థాంక్స్ అండి. పారేయను, లోపలి గదిలో పెడతాను. నిన్న రాత్రి టెక్సాస్ వాళ్ల పటం ఫోన్‌లో తీసి నాన్నకి చూపించాను. కళ్లజోడు తెమ్మన్నారు. గోదావరి పాయ వైనతేయ దగ్గర వేలు పెట్టి, "గన్నవరం అక్విడక్టు ఇక్కడ, నీళ్లు నది దాటి మనవైపొచ్చేది దీని మీదే" అని చెబుతూ అక్కడి నుంచి మా ఊరి దాకా వేలు జరిపారు. మధ్యలో లాకుల పేర్లు ఒక్కొక్కటే చెప్పారు, పటంలో లేనివి కూడా. అమలాపురం అన్నగారూ, 18 అంగుళాల ఫ్రేముకి మౌంట్ ఎంత వెడల్పు పెట్టమంటారు?