గాలివానకు కూలిన వేపచెట్టు: పెట్రోల్ రంపంతో నేనే కోసుకోవచ్చా?

మిర్చిరైతు_నర్సంపేట:

అందరికీ నమస్తే. మాది నర్సంపేట దగ్గర పల్లె. మొన్న శుక్రవారం రాత్రి గాలివానకు మా పెరట్లో బాపు నాటిన వేపచెట్టు వేళ్లతో సహా లేచి పడింది. మొదలు నా రెండు చేతులకూ అందదు. వేళ్లు మట్టితో కలిసి గోడలా నిలబడ్డాయి, నా ఎత్తుకు మించి ఉంది. దాని పక్కన నడుము లోతు గుంత. చెట్టు కొస పోయి పశువుల కొట్టం మీద ఆనింది. రెండు రేకులు వంగాయి, పశువులకు ఏం కాలేదు.

చెట్లు కోసేవాళ్లను అడిగితే పన్నెండు వేలు అన్నారు, పైగా కట్టె కూడా వాళ్లే తీసుకుపోతారట. ఆ డబ్బుతో మిషనే వస్తుంది కదా అని ఆన్‌లైన్‌లో కొన్నాను. 58 సీసీ, 22 అంగుళాల బార్ (చైను తిరిగే పొడవాటి ఇనుప పట్టీ). డబ్బాలో వచ్చిన పుస్తకం సగం ఇంగ్లిష్, సగం చైనా భాష. వీడియోలు చూశాను కానీ ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తున్నారు.

నా ప్లాన్ ఇది: ముందు వేళ్ల దగ్గర మొదలు కోసి చెట్టును విడదీస్తాను, తర్వాత తీరికగా ముక్కలు చేసుకుంటాను. మా పెద్దోడు ఎనిమిదో తరగతి, కొమ్మలు పట్టుకుంటానంటున్నాడు. ఆయిల్ ఎంత కలపాలి, స్టార్ట్ చేసేటప్పుడు ఏం చూసుకోవాలి, తెలిసినవాళ్లు చెప్పండి. ఆదివారం మొదలుపెడదామనుకుంటున్నా.

పాతరంపం_ములుగు:

తమ్మీ, ఆదివారం మొదలుపెట్టకు. ముందు ఇది పూర్తిగా చదువు.

నువ్వు రాసినదాంట్లో నాకు టెన్షన్ పెట్టింది ఆయిల్ సంగతి కాదు. "ముందు వేళ్ల దగ్గర కోస్తాను" అన్నావు చూడు, అది. ఆ గుంతలో పిల్లలు ఆడుకుంటున్నారా? ఆడుకుంటుంటే ఈ ముక్క చదవడం ఆపి ముందు వాళ్లను బయటికి పంపి, చుట్టూ తాడు కట్టి రా.

ఆ మట్టిగోడ తనంతట తాను నిలబడి లేదు. చెట్టు బరువు దాన్ని అట్లా ఎత్తి పట్టుకుంది. ఎడ్లబండి వెనక బస్తాలున్నప్పుడు ముందు కూర్చున్నవాళ్లు ఒక్కసారే దిగితే కాడి ఎట్లా పైకి లేస్తుందో చూసే ఉంటావు. ఇదీ అంతే. మొదలు కోయగానే ఇన్నాళ్లూ లాగిపట్టుకున్న బరువు పోతుంది, మొద్దు లేచి నిలబడుతుంది, మట్టిగోడ వెళ్లి గుంతలో కూర్చుంటుంది. మెల్లగా కాదు. ఒక్కోసారి కోత పూర్తి కాకముందే లేస్తుంది. గుంతలో మనిషి ఉంటే పైకి తీయడానికి ఇక జేసీబీనే రావాలి.

నాకు ఇది ఎవరూ చెప్పలేదు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో సుడిగాలికి వేల చెట్లు ఒక్క పూటలో పడిపోయాయి కదా, ఆ వానలకే మా దగ్గర ఒక చేను గట్టు మీద నల్లమద్ది పడింది. ఇరవై ఏళ్లుగా రంపం పడుతున్నానన్న ధీమా నాకు. టిఫిన్ గిన్నె, నీళ్ల సీసా నీడలో ఉంటాయని గుంత అంచున పెట్టి కోత మొదలుపెట్టాను. ఇంకో నాలుగు వేళ్ల మందం మిగిలి ఉండగానే 'ఫట్' మని చప్పుడు, మొద్దు నా ముఖం ముందు నుంచి పైకి పోయింది. రంపం చేతిలోంచి ఎగిరిపోయింది. మిషన్ దొరికింది. గిన్నె ఇప్పటికీ ఆ మొద్దు కిందనే ఉంది. మా ఇంట్లో దాని గురించి నన్ను ఇంకా దెప్పుతూనే ఉంటారు.

అందుకే వేళ్ల దగ్గరి కోత ఆఖరున. అది కూడా జేసీబీని గంట కిరాయికి పిలిచి, గుంత వైపు నుంచి బకెట్ మట్టిగోడకు ఆనించి పట్టమను. మొదలును వేళ్లకు మరీ దగ్గరగా కోయకు, నాలుగైదు అడుగులు వదిలి కోయి. కోత అయ్యాక అతను బకెట్ మెల్లగా వదిలితే గోడ దానంతట అదే గుంతలో కూర్చుంటుంది. గుంత పూడ్చే పని కూడా తప్పుతుంది.

ఇక కొమ్మలు. నిలబడ్డ చెట్టు ఎటు పడుతుందో కాస్తో కూస్తో తెలుస్తుంది. పడిన చెట్టు మాత్రం మోసగాడు, ఒక్కో కొమ్మా వంచిపెట్టిన విల్లే. కోసే ముందు మిషన్ ఆపి, ప్రతి కొమ్మనూ చూసి ఒకటే అడుగు: ఇది ఎటు వంగి ఉంది? వంపు లోపలి వైపు నలిగి ఉంటుంది, బయటి వైపు సాగి ఉంటుంది. సాగిన వైపు ముందు కోశావా, కొమ్మ చీలి నీ మీదికే వస్తుంది. నలిగిన వైపు మూడో వంతు లోతు గాటు పెట్టి, తర్వాత సాగిన వైపు నుంచి వచ్చి కలుపు.

దుంగ రెండు చివర్లా ఆని మధ్యలో గాలిలో ఉంటే పై వైపు నలిగి ఉంటుంది. కాబట్టి ముందు పైనుంచి గాటు, తర్వాత కింది నుంచి. ఒక చివరే ఆని రెండోది గాలిలో వేలాడుతుంటే దీనికి తిరగేసి. తేడా పడితే బార్ కొయ్యలో ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే ఇంజన్ ఆపి చెక్క చీల దిగ్గొట్టి తీయి, ఊపి లాగకు. కింది నుంచి కోసేటప్పుడు బార్ పై అంచు పని చేస్తుంది, అప్పుడు చైను మిషన్‌ను నీ మీదికి నెడుతుంది. దానికి ముందే సిద్ధపడి నిలబడు.

కొట్టం మీద ఆనిన కొమ్మల్లో కొన్ని చెట్టుకు కాళ్లలా ఉంటాయి. వాటిని తీస్తే మొత్తం దొర్లుతుంది. బరువు మోయని సన్న కొమ్మలు ముందు, కాళ్లు చివర. పశువులను అన్నాళ్లూ వేరే చోట కట్టు. రేకులెక్కి కోయకు, నిచ్చెన మీద నుంచి అసలే కోయకు, భుజం ఎత్తు దాటి రంపం లేపకు.

మిషన్ మన మీదికి ఎగరడం గురించి వీడియోల్లో చూసే ఉంటావు. బార్ ముక్కు పై సగం దేనికైనా తగిలితే చైను కొరకలేక మిషన్‌ను పైకి, వెనక్కి తంతుంది. కన్ను ఆర్పేలోపు ముఖం దగ్గర ఉంటుంది. నీది 22 అంగుళాల బార్, ఆకుల గుబురులో ముక్కు ఎక్కడుందో కనపడదు. ముందు పట్టుకునే పిడి చుట్టూ ఎడమ బొటనవేలు పూర్తిగా తిప్పి పట్టు. చాలామంది బొటనవేలిని మిగతా వేళ్ల పక్కన పైనే పెడతారు, తన్నినప్పుడు చేయి జారి చైను మీదికి పోతుంది. ఎడమచేతి వాటం వాళ్లయినా సరే కుడి చేయి వెనక, ఎడమ చేయి ముందు. బార్‌కు సూటిగా వెనక తల పెట్టకు, కొంచెం ఎడమకు జరిగి నిలబడు.

నా ఎడమ మోకాలు కింద ఏడు కుట్లున్నాయి. అది కోసేటప్పుడు తగిలింది కాదు. రేస్ వదిలేసి, ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు రెండడుగులు వేశాను. తీగ కాలికి తట్టింది, చైను ఇంకా తిరుగుతోంది. అప్పటి నుంచి రెండడుగులైనా సరే చైను బ్రేక్ వేసే నడుస్తాను.

హన్మకొండ_మెకానిక్:

అన్న చెప్పింది చెట్టు సంగతి. నేను మిషన్ సంగతి చెప్తా, నా షాపుకు వారానికి ఒకటైనా ఇట్లాంటి 58 సీసీ వస్తుంది.

పెట్రోల్ బంకులో పోసినట్టు ఉత్త పెట్రోల్ పోస్తే పిస్టన్ పట్టేస్తుంది, వారంటీ కూడా రాదు. టూ స్ట్రోక్ ఆయిల్ కలపాలి. మీ పుస్తకంలో 25:1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50:1 అని ఉంటే 20. వేరే డబ్బాలో కలిపి, బాగా ఊపి, తర్వాత ట్యాంకులో పోయండి. రెండో మూతలో పోసేది చైను ఆయిల్, అది వేరు. రెండూ తారుమారు చేసి తెచ్చినవాళ్లను చాలామందిని చూశాను. కలిపిన పెట్రోల్ నెలకు మించి ఉంచకండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిసిన పెట్రోల్, తేమ పీలుస్తుంది, కార్బురేటర్ పాడవుతుంది. పని అయిపోతే ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి పెట్టేయండి.

వేడి మీద పెట్రోల్ పోయొద్దు. చల్లారాక పోసి, మూడు మీటర్లు పక్కకు తీసుకెళ్లి స్టార్ట్ చేయండి. బీడీ అలవాటుంటే ఆ సంగతి మీకే తెలుసు.

స్టార్టింగ్: ముందు పిడి దగ్గరుండే చేతి అడ్డు ముందుకు తోసి చైను బ్రేక్ వేయండి. మిషన్ నేల మీద పెట్టి, వెనక పిడిలో కుడి కాలు ముందరి భాగం దూర్చి, ఎడమ చేత్తో ముందు పిడి నొక్కిపట్టి, కుడి చేత్తో తాడు లాగండి. ఒక చేత్తో మిషన్ గాలిలో వదులుతూ ఇంకో చేత్తో తాడు లాగడం వీడియోల్లో గొప్పగా ఉంటుంది. చేయకండి.

రోజూ పనికి ముందు బ్రేక్ ఒకసారి పరీక్షించండి: రేస్ ఇచ్చి ఎడమ మణికట్టుతో అడ్డును ముందుకు నెట్టాలి, చైను టక్కున ఆగాలి. ఆగకపోతే ఆ రోజు పని లేదు. బార్ కొసను మొద్దు దగ్గర, తగలకుండా, పెట్టి రేస్ ఇస్తే కొయ్య మీద సన్నగా నూనె గీత పడాలి. చైను చేత్తో లాగితే తిరగాలి, కానీ బార్ గాడిలోంచి చైను లోపలి వైపు పళ్లు బయటికి రాకూడదు.

రంపం ఊక చూడండి. పెద్ద పెద్ద పెళ్లలుగా వస్తుంటే పదును ఉన్నట్టు. పిండిలా వస్తుంటే మొండి అయింది, మీరు నొక్కడం మొదలుపెడతారు, అక్కడే చేయి జారేది. గుండ్రటి ఆకురాయితో లోపలి నుంచి బయటికి, ప్రతి పన్నుకూ అన్నే రాపిళ్లు. మీ చైను .325 రకం అయితే 4.8 మిల్లీమీటర్ల ఆకురాయి. బార్ మీద రాసి ఉంటుంది చూసుకోండి.

దమ్మున్నోడు_పరకాల:

ఇంత భయపెడితే ఎవడన్నా మిషన్ ముట్టుకుంటాడా అన్నా? మా దగ్గర అందరూ లుంగీ ఎగ్గట్టి చెప్పుల మీదనే కోస్తారు. మా మామ పదేళ్ల నుంచి కోస్తున్నాడు, ఒక్క గీత పడలేదు.

పాతరంపం_ములుగు:

మీ మామకు దండం. నేను కూడా పదిహేనేళ్లు అదే మాట అన్నాను.

లుంగీ, మెడలో కండువా, వదులు చేతుల చొక్కా, ఇవి చైనుకు మేత. జీన్స్ కూడా ఆపదు. చైను పూర్తి రేస్‌లో సెకనుకు సుమారు 20 మీటర్లు పరుగెత్తుతుంది, గుడ్డకూ చర్మానికీ తేడా చూడదు. కాళ్లకు కట్టుకునే రక్షణ పట్టాలు దొరుకుతాయి. చైను తగిలితే లోపలి దారాలు లాగుకొచ్చి చక్రంలో చుట్టుకుని దాన్ని ఆపేస్తాయి. ఎండాకాలంలో ఉడుకుతుంది, నిజమే. పొద్దున ఆరింటి నుంచి పదింటి దాకా కోసి ఆపేయండి. బూట్లు, ముఖానికి జాలీ ఉన్న టోపీ, చెవులకు మూతలు. ఈ మిషన్ చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది. నాకు ఇప్పుడు ఎడమ చెవి ఫోన్‌లో పనికిరాదు.

కొత్తకొండ_అక్క:

నేను రంపం పట్టను. మా ఆయన కోస్తుంటే పక్కన నిలబడేది నేను. తమ్ముడూ, బాబును కొమ్మలు పట్టుకోనివ్వద్దు. మిషన్ నడుస్తుంటే "ఆపు" అని అరిచినా వినపడదు. ఒకసారి నేను వెనక నుంచి పోయి ఆయన భుజం తట్టాను, ఉలిక్కిపడి రంపంతో సహా నా వైపు తిరిగాడు. ఆ రోజు ఇద్దరికీ అన్నం తిన్నట్టు లేదు.

ఇప్పుడు నా మెడలో ఈల ఉంటుంది. ఎదురుగా, ఆయన కంటికి కనిపించే చోట, దూరంగా నిలబడతాను. చేయి పైకెత్తితే ఆపాలి. ఆయన బ్రేక్ వేసి తల ఊపేదాకా దగ్గరికి పోను. కొమ్మలు లాగేది ఇంజన్ ఆపాకనే. శుభ్రమైన పాత పంచె రెండు మూడు మడతలు పెట్టి సంచిలో ఉంచుకుంటా. తగిలితే గట్టిగా నొక్కిపట్టి 108కి ఫోన్ చేయడమే, పసుపు, కాఫీపొడి పెట్టేది లేదు.

ఇంకొకటి, కొట్టానికి పోయే కరెంటు తీగ ఆ కొమ్మల్లో చిక్కుకుందా? చూసుకోండి. ఉంటే కరెంటోళ్ల నంబరు 1912కి చెప్పి లైన్ ఆపించాకే చెట్టు ముట్టుకోండి. చెట్టు ఫొటోలు కూడా తీసి పెట్టుకోండి. వాల్టా (నీళ్లు, భూమి, చెట్ల రక్షణ) చట్టం వల్ల సొంత జాగాలో చెట్టుకైనా అనుమతి అడుగుతారు. కట్టె అమ్మి బండిలో వేసి పంపాలంటే ముందుగా ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో కనుక్కోండి.

మిర్చిరైతు_నర్సంపేట:

అందరికీ దండాలు. ఆలస్యంగా రాస్తున్నా.

పాతరంపం అన్నా, గుంతలో పిల్లలు ఆడుకుంటున్నారా అని అడిగావు కదా. మీ జవాబు చదివి పెరట్లోకి పోతే మా చిన్నోడూ, పక్కింటి ఇద్దరూ ఆ గుంతలోనే గోటీలాడుతున్నారు. వేళ్ల సందుల్లో గోటీలు దాచుకున్నారు కూడా. బయటికి తెచ్చి తాడు కట్టాను. తిట్టాలనిపించింది కానీ నాకే తెలియంది వాళ్లకేం తెలుసు.

అక్కా, తీగ నిజంగానే ఉంది, ఆకుల్లో కనపడలేదు. లైన్‌మన్ వచ్చి తీసేసరికి సోమవారం అయింది. కొమ్మలకు మూడు పొద్దులు పట్టింది. ఒకసారి బార్ ఇరుక్కుంది, ఊపకుండా చీలతోనే తీశాను. నిన్న జేసీబీ తెప్పించాం. డ్రైవర్ "ఇంత చిన్న చెట్టుకు నేనెందుకు" అని నవ్వాడు. ఐదడుగులు వదిలి కోశాను. ఆఖరి రెండంగుళాలుండగా మొద్దు కిర్రుమంది, బకెట్ ఒక్కసారి ఊగింది, అతను నవ్వడం ఆపేశాడు. మెల్లగా వదిలితే పోయి గుంతలో కూర్చుంది. ఇప్పుడు పెరట్లో ఐదడుగుల మొద్దు నిటారుగా నిలబడి ఉంది. అవ్వ దానికి పసుపు కుంకుమ పెట్టింది.

గోటీలు లోపలే ఉండిపోయాయి. చిన్నోడు మాట్లాడటం లేదు.

మెకానిక్ అన్నా, ఒక డౌట్. సాయంత్రం చైను సరిగ్గా బిగించి పెట్టాను, పొద్దున చూస్తే చేత్తో తిరగడం లేదు. పాడైందా?

హన్మకొండ_మెకానిక్:

పాడు కాలేదు. వేడి మీద సాగి ఉన్నప్పుడు బిగించారు, చల్లారాక కుంచించుకుపోయింది. అట్లానే స్టార్ట్ చేస్తే బార్, లోపలి బేరింగ్ దెబ్బతింటాయి. గ్లవ్స్ వేసుకుని, ప్లగ్ వైర్ పీకి, నట్లు వదులు చేసి మళ్లీ సరిచేయండి. ఇక నుంచి సాయంత్రం పని అయిపోగానే చైను కాస్త వదులు చేసి పెట్టండి.