పెల్టియర్‌కి ఇంట్ల వాటర్ బ్లాక్ చేస్తున్న, మూత ఎట్ల బిగించాలె?

అన్నలు, అక్కలు జర సాయం చెయ్యుండ్రి. మాది నల్గొండ, ఎండకాలం పైరూముల 40 డిగ్రీలు దాటుతది, వీడియో ఎడిటింగ్ పెడితే ప్రాసెసర్ వేడెక్కి స్లో అయితది, అందుకే టీఈసీ1-12706 పెల్టియర్ (కరెంటిస్తే ఒక దిక్కు చల్లబడి, ఇంకో దిక్కు వేడెక్కే పలక) తోని చల్లగ చేద్దామని చూస్తున్న. చల్లటి దిక్కు ప్రాసెసర్ మీదికి, వేడి దిక్కు వాటర్ బ్లాక్, అంటే లోపట నీళ్లు పారి వేడిని గుంజుకపోయే రాగి దిమ్మె. పెల్టియర్ గుంజిన వేడి ఒక్కటే కాదు, అది తినే 50, 60 వాట్ల కరెంటు గూడ వేడై నీళ్లలకే రావాలె కదా, అందుకే ఈ బ్లాక్ మంచిగ కుదరాలె.

పెల్టియర్ సైజు 40 మి.మీ. చదరం, నేను 50 మి.మీ. రాగి ముక్క తీస్కున్న, మందం 12 మి.మీ. లేత్ షాపాయన పక్క నుంచి డ్రిల్ కొట్టి అటిటు తిరిగే దారి చేస్తనన్నడు. ఇప్పుడు చివర్లు టంకంతోని మూసుడు మంచిదా, లేకుంటే పైనుంచి గాడి తీసి అక్రిలిక్ మూత, రబ్బర్ ఓ-రింగ్ పెట్టి స్క్రూలు బిగించుడా? టంకం వేడికి అడుగు వంకర పోతదేమో, అడుగు చదునుగ లేకుంటే వేడి మంచిగ దాటనీకి నడుమ పూసే థర్మల్ పేస్ట్ ఎంత పూసినా లాభం లేదు.

మా బోరు నీళ్లల ఫ్లోరైడ్, ఉప్పు ఎక్కువ, గవి పొయ్య, డిస్టిల్డ్ వాటరే పోస్త. కానీ ఆ నీళ్లను చల్లార్చనీకి నాకు దొరికిన రేడియేటర్ అల్యూమినియంది, రాగితోని కలిస్తే తుప్పు పడతదంటరు, కారు కూలెంట్ కలిపితే ఆగుతదా లేక రాగి రేడియేటరే ఎతకాల్నా? ఇంకోటి, ప్రాసెసర్ 65 వాట్లది, ఒక్క పెల్టియర్ సాలుతదా, రెండు పెట్టాల్నా? వానకాలం చల్లటి దిక్కు చెమ్మ పట్టి బోర్డు మీద కారకుండ చుట్టూ ఏం అంటిస్తున్నరు? చేసినోళ్లు ఫొటో పెడితే ఇంక మంచిది.