బజ్జీ నూనె బయోడీజిల్: నీళ్లతో కడగాల్సిందేనా?

పొలంగట్టు (తెనాలి దగ్గర)
వాడేసిన వంటనూనెతో బయోడీజిల్, అంటే డీజిల్‌కి బదులు వాడే ఇంధనం, రెండేళ్లుగా చేస్తున్నాను కాబట్టి ధైర్యంగా అడుగుతున్నాను. మా చిన్నాన్న బజ్జీల కొట్టు నుంచి వారానికి 30 లీటర్ల దాకా కాగి నల్లబడ్డ నూనె వస్తుంది. వడకట్టి, చిటపట ఆగేదాకా కాచి అందులో నీరు పోగొడతాను. 55 డిగ్రీలకు చల్లారాక, లీటరుకు 200 మి.లీ. లెక్కన మిథనాల్ (ఒక రకం ఆల్కహాల్) తీసుకుని, అందులో కాస్టిక్ సోడా కరిగించి కలుపుతాను. తెల్లారేసరికి గ్లిజరిన్ నల్లగా అడుగుకు దిగుతుంది. పైన తేలేదే బయోడీజిల్, దాన్ని తీసి పది రోజులు కదపకుండా ఉంచుతాను, అంతే. నీళ్లతో కడగను. మా బోరు నీళ్లకి బిందె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ నీళ్లు ఇంధనంలో పోస్తే మంచి జరుగుతుందంటే ఎలా నమ్మాలి? కడిగిన నీళ్లు పారబోయడం ఇంకో తలనొప్పి. ఒకసారి కొబ్బరి మొక్క మొదట్లో పోస్తే మొక్క చచ్చిపోయింది. నా 5 హెచ్‌పీ ఆయిల్ ఇంజన్ రెండు దాళ్వాలు దీంతోనే నీళ్లు తోడింది. కడగకపోతే ఏమైందో కళ్లారా చూసినవాళ్లు చెప్పండి.

సబ్బునురగ (వరంగల్, కెమిస్ట్రీ లెక్చరర్)
కడగాలండీ. వాడేసిన నూనెలో ఫ్యాటీ ఆసిడ్లు ఎక్కువగా ఉంటాయి. అవి కాస్టిక్ సోడాతో కలిస్తే వచ్చేది సబ్బే. గ్లిజరిన్‌తో పాటు చాలావరకు కిందికి పోతుంది కానీ కొంత పైనే ఉండిపోతుంది, మిగిలిన మిథనాల్ కూడా అంతే. అవి పోవడానికే కడగడం. బోరు నీళ్ల గురించి మీరన్నది నిజం, ఉప్పు నీళ్లు వద్దు, వాన నీళ్లు పట్టుకోండి. ఇంతకీ కాస్టిక్ సోడా ఎంత వేస్తున్నారు? నూనె మారినప్పుడల్లా టైట్రేషన్ (నూనెలో ఆసిడ్ ఎంతుందో కొలిచే పరీక్ష) చేస్తున్నారా?

పొలంగట్టు
చేస్తాను మేడమ్. పసుపుతో. 1 మి.లీ. నూనె, 10 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చిటికెడు పసుపు. లీటరు నీళ్లలో 1 గ్రాము కాస్టిక్ సోడా కలిపిన ద్రావణం చుక్క చుక్కగా వేస్తే పారాణి రంగుకి తిరుగుతుంది. ఎన్ని మి.లీ. పట్టిందో దానికి 5 కలిపితే లీటరుకు అన్ని గ్రాములు. పోయిన వారం 3 పట్టింది, 8 గ్రాములు వేశాను. 27కి 3 పరీక్ష కూడా చేస్తాను. 27 మి.లీ. మిథనాల్‌లో 3 మి.లీ. ఇంధనం పోస్తే పూర్తిగా కరిగిపోతోంది, అడుగున నూనె బొట్టు కూడా లేదు. ఇంకేం కావాలి?

డల్లాస్_గ్యారేజీ
ఇక్కడ ఇళ్లలో చేసేవాళ్లు పాత వాటర్ హీటర్ ట్యాంకునే రియాక్టర్‌గా వాడతారు. నీళ్లు వద్దనుకునేవాళ్లు రంపపు పొట్టు నింపిన గొట్టం లోంచి వడకడతారు, సబ్బు దానికి పట్టుకుంటుంది. కడగడం ఒక్కటే దారి కాదు బ్రో.

పొలంగట్టు
థాంక్యూ అన్నా. నేను మొదటి నుంచీ చెప్తున్నది ఇదే.

సబ్బునురగ
వారు సబ్బు తీయక్కర్లేదని చెప్పలేదు, ఇంకో పద్ధతిలో తీయొచ్చని చెప్పారు. మీరు ఏ పద్ధతిలోనూ తీయడం లేదు. 27కి 3 పరీక్షతో నూనె బయోడీజిల్‌గా మారిందా లేదా అన్నది తెలుస్తుంది. సబ్బు ఉందో లేదో దానితో తెలియదు. ఈ రెండిటినీ కలిపేయకండి.

కానుగనీడ (ఆసిఫాబాద్ వైపు)
అందరూ బజ్జీ నూనె దగ్గరే ఆగిపోయారు. మా వైపు పవర్‌గూడ అని చిన్న గోండు గూడెం ఉంది. అక్కడి మహిళా సంఘాలు కానుగ గింజలు ఏరి, నూనె తీసి, మొక్కలు పెంచాయి. 2003లో ఆ నూనె పేరు మీద 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గింపును ప్రపంచ బ్యాంకుకి అమ్మారు. చెట్టు మనది, గింజ మనది, పిండి ఎరువుగా పొలానికే పోతుంది. అదే అడవి ఆముదం (జట్రోఫా) విషయంలో ఏమైంది? 2006లో ఆఫీసర్లు వచ్చి బంజరులో బంగారం అన్నారు. రెండెకరాల్లో పెట్టాను. నాలుగేళ్లలో నా చేతికొచ్చిన గింజలు బస్తాడు కూడా లేవు. పీకించడానికి మళ్లీ కూలి ఇచ్చాను. 2009 జాతీయ బయోఇంధన పాలసీలో 2017 కల్లా డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలుపుతామని రాశారు. ఆ రాతలు నమ్మి మునిగింది మేము. అందుకే ఎవరి ఇంధనం వాళ్లు చేసుకోవాలంటాను.

నెల్లూరు_చేప
పెద్దాయన చెప్పింది నిజం, మా మావయ్యా ఆ అడవి ఆముదంతోనే నష్టపోయాడు. కానీ టాపిక్ కడగడం గురించి కదా.

పంపు_బాగుచేస్తా (25 ఏళ్లుగా డీజిల్ పంపుల పని)
నా బల్ల మీద విప్పింది చెప్తాను. ఇంజన్‌కి డీజిల్ తోసే పంపులో ప్లంజర్‌కీ (లోపల ఆడే కడ్డీ) దాని బ్యారెల్‌కీ (అది ఆడే గొట్టం) మధ్య సందు వెంట్రుకలో పదో వంతు కూడా ఉండదు. దానికి వేరే లూబ్రికేషన్ లేదు, లోపల పారే డీజిలే లూబ్రికేషన్. సబ్బు, గ్లిజరిన్ చేరితే లక్క పూసినట్టు పడతాయి, ప్లంజర్ వేలితో తోసినా కదలదు. పాత రబ్బరు పైపులైతే మెత్తబడి ఉబ్బుతాయి. ఇంకోటి, బయోడీజిల్ ట్యాంకులోని పాత మడ్డిని కడిగేస్తుంది, అదంతా ఫిల్టర్‌కి వచ్చి అడ్డుపడుతుంది. పాత ఆయిల్ ఇంజన్ పంపు మొండిది, ఓర్చుకుంటుంది. ట్రాక్టర్ రోటరీ పంపు ఓర్చుకోదు.

పొలంగట్టు
మరి నా ఇంజన్‌కి ఏమీ కాలేదు కదా. రెండేళ్లు!

ఈఎంఐ_ట్రాక్టర్ (ఆదిలాబాద్)
నాకు అయింది. వేరే ఊరి మనిషి, మీలాగే ఉత్సాహంతో చేస్తాడు, 40 లీటర్లు ఇచ్చాడు. "పది రోజులు తేర్చాను, అద్దంలా ఉంది" అన్నాడు. నిజంగానే అద్దంలా ఉంది. డిసెంబరులో శనగ పొలం దున్నుతుంటే బండి పొగలు కక్కి ఆగిపోయింది. పంపు, ఇంజెక్టర్లు కలిపి 38 వేలు. ఆ నెల కిస్తీ కట్టలేకపోయాను.

పొలంగట్టు
డిసెంబరు, ఆదిలాబాద్ అంటున్నారు. అది సబ్బు పని కాదు. హోటల్ నూనెలో ఎక్కువ పామాయిలే, దానితో చేసింది 15 డిగ్రీల దగ్గరే చిక్కబడుతుంది. మీ దగ్గర రాత్రుళ్లు పది లోపు పడిపోతుంది. చలికి పేరుకుని ఫిల్టర్ మూసుకుపోయింది, అంతే. కడిగినా అదే జరిగేది. చలికాలంలో డీజిల్ కలిపి వాడుకోవాలి.

ఈఎంఐ_ట్రాక్టర్
ఆయన కూడా అచ్చం ఇలాగే చెప్పాడు. చలి అన్నాడు, తర్వాత నా ట్యాంకులో మడ్డి అన్నాడు. మెకానిక్ పంపు విప్పి చూపించాడు, లోపల గోధుమరంగు జిగురు. చలికి పేరుకుంటే ఎండకి కరగాలి కదా? అది కరగలేదు.

ఖమ్మం_కుర్రోడు
ఇంట్లో మిథనాల్ పెట్టుకోవచ్చా? వంటగదిలో చేద్దామనుకుంటున్నా.

సబ్బునురగ
వద్దు నాన్నా, వంటగదిలో అస్సలు వద్దు. దాని మంట పగటి వెలుతురులో కంటికి కనపడదు. ఆవిరి పీల్చినా, చర్మం మీద పడినా ఒంట్లోకి పోతుంది. కల్తీ సారా తాగి చూపు పోయేది దీనివల్లే. ముందు ఎవరి దగ్గరన్నా పక్కనుండి నేర్చుకో.

పొలంగట్టు
ఆదిలాబాద్ అన్నా, మీ నష్టానికి నాకూ బాధగానే ఉంది. కానీ ఒక్కరి అనుభవం పట్టుకుని అందరినీ భయపెడితే ఎవడూ చేయడు. మా చిన్నాన్న నూనె ఇదివరకు ఎక్కడికి పోయేదో తెలుసా? ఒక హాస్టల్‌కి వంట కాంట్రాక్టు చేసేవాడు డబ్బా లెక్కన కొనుక్కెళ్లేవాడు, మళ్లీ పిల్లల కూరల్లోకే. నూనె పదే పదే కాగితే పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వంటకి వాడకూడదని 2018 జూలై నుంచి నిబంధన ఉంది. మా సందులో ఎవడు కొలిచాడు? ఆ డబ్బాలు ఆపడానికే నేను మొదలుపెట్టింది. నేనేం దాచుకోవట్లేదు, అమ్ముకోవట్లేదు. పక్క పొలాలవాళ్లకి ఊరికే ఇస్తున్నాను.

ఈఎంఐ_ట్రాక్టర్
ఊరికే ఇస్తున్నారా? ఎందులో పోసుకుంటున్నారు వాళ్లు?

పొలంగట్టు
ఒకాయన ఇంజన్‌లో. ఇంకో తమ్ముడు ట్రాక్టర్‌లో. వాళ్లే అడిగారు.

ఈఎంఐ_ట్రాక్టర్
పొద్దుటినుంచి నేను అడగాలనుకున్నది ఇదే, సరిగ్గా అడగలేకపోయాను. కడగడం, కడగకపోవడం మీ ఇష్టం. మీ ఇంజన్ మీది, పాడైతే మీరు విప్పుకుంటారు. ఆ తమ్ముడి ట్రాక్టర్ పంపు పోతే డబ్బు ఎవరు పెడతారు? నాకు ఇచ్చినాయన కూడా ఊరికే ఇచ్చాడు. ఊరికే తీసుకున్నానని నోరెత్తి అడగలేకపోయాను. కొనుక్కుని ఉంటే కొట్లాడేవాణ్ణి.

కానుగనీడ
ఈ మాట నన్నూ ఆలోచనలో పడేసింది. మాకు మొక్కలిచ్చినవాళ్లూ ఊరికే ఇచ్చారు.

పొలంగట్టు
నేను మంచికే ఇచ్చాను. అంతమాట అనకండి.

సబ్బునురగ
మీరు మంచికే ఇచ్చారు, అందులో నాకు అనుమానం లేదు. ఒక్క పని చేయండి. సీసాలో సగం మీ ఇంధనం, సగం మంచినీళ్లు పోసి పది సెకన్లు గట్టిగా ఊపి పెట్టండి. అరగంటలో రెండూ విడిపోయి, కింద నీళ్లు తేటగా ఉంటే నేనే ఒప్పుకుంటాను.

డల్లాస్_గ్యారేజీ
మంచి పరీక్ష. మేమూ చేస్తాం.

పొలంగట్టు
చేశాను. గంటన్నర అయింది. విడిపోలేదు. చిలికిన మజ్జిగలా తెల్లగా మధ్యలో నిలబడిపోయింది. మినరల్ వాటరే పోశాను.

సబ్బునురగ
అది సబ్బేనండీ.

పంపు_బాగుచేస్తా
ఆ తమ్ముడి బండి రోటరీ పంపా? ఎంత పోశారు, ఎప్పుడు?

పొలంగట్టు
మొన్న సాయంత్రం 15 లీటర్లు. రోటరీయే అనుకుంటా, కొత్త బండి.

పంపు_బాగుచేస్తా
స్టార్ట్ చేయొద్దని చెప్పండి. ట్యాంకు మొత్తం దింపించి, ఫిల్టర్ మార్చి, మంచి డీజిల్ పోయించండి. పంపులోకి వెళ్లి ఉంటే అది ఆరకముందే డీజిల్ తిప్పాలి.

పొలంగట్టు
ఫోన్ చేస్తున్నా, ఎత్తట్లేదు. దమ్ము చేస్తున్నట్టున్నాడు. పొలానికి వెళ్తున్నా.