రాస్ప్‌బెర్రీ పై కిట్ బోర్డు: చిప్ ఒకసారి కనిపిస్తోంది, ఇంకోసారి మాయం

ప్రశ్న:
నమస్తే అందరికీ. ఎనిమిదో క్లాస్ చదివే మా పాపా నేనూ కలిసి రెండు ఆదివారాలు కూర్చుని రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్ బోర్డు) మీద పెట్టే కిట్ ఒకటి బిగించాం, 8 బటన్లు, 8 ఎల్ఈడీలు, మధ్యలో వాటిని నడిపే 28 కాళ్ల ఎంసీపీ23017 చిప్, కింద 40 పిన్నుల హెడర్. సోల్డరింగ్ సగం తనే చేసింది. ఐటూసీ (చిప్‌తో రెండు తీగల మీద మాట్లాడే పద్ధతి) ఆన్ చేసి, ఏ చిప్‌లు దొరికాయో చూపించే ఐటూసీడిటెక్ట్ కమాండ్ కొడితే ఒకసారి 20 అని చిప్ అడ్రస్ వస్తోంది, మళ్లీ కొడితే అన్నీ గీతలే. బోర్డు మీద వేలు పెడితే ఒక్కోసారి వస్తోంది, తీస్తే పోతోంది. తన వల్లే పాడైందేమో అని పాప మొహం చిన్నబుచ్చుకుని కూర్చుంది. చిప్ పోయిందా? కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి కొత్తది తెచ్చుకోవాలా?

జవాబు 1:
అప్పుడే చిప్ కొనకండి. నా అనుభవంలో ఇలాంటివి నూటికి తొంభై డ్రై సోల్డరే, అంటే సరిగ్గా అతకని అతుకు. లెడ్ (కరిగించి అతికే సోల్డర్ తీగ) అంతా పిన్ను చుట్టూ వాలుగా పాకి మెరుస్తూ ఉండాలి, గుండ్రంగా పూసలా నిలబడిందంటే అది ప్యాడ్‌కి అతుక్కోలేదు. ఐరన్ మొన ప్యాడ్‌కీ పిన్నుకీ రెండిటికీ తగిలేలా రెండు సెకన్లు ఉంచి అప్పుడు లెడ్ అందించాలి, చాలామంది లెడ్‌ని ఐరన్ మీద కరిగించి తెచ్చి పూస్తారు, దాంతోనే వస్తుంది గొడవంతా. హెడర్‌లో 3, 5 పిన్నులు (డేటా, క్లాక్) ముందు చూడండి.

జవాబు 2:
పైన జవాబిచ్చిన అన్న చెప్పింది కరెక్టే కానీ అన్నీ మళ్లీ కాల్చే ముందు ఒక్క నిమిషం ఆగండి. వేలు పెడితే మారుతోంది అన్నారు చూడండి, నాకైతే అది రీసెట్ పిన్ దేనికీ తగలకుండా గాల్లో ఉన్నట్టు అనిపిస్తోంది. ఎంసీపీ23017లో 18వ కాలు రీసెట్, దాన్ని 3.3 వోల్టులకి కట్టకపోతే చిప్ తన ఇష్టం వచ్చినప్పుడు రీసెట్‌లోకి పోతుంది, రీసెట్‌లో ఉన్నంతసేపూ ఐటూసీకి జవాబివ్వదు. మల్టీమీటర్ ప్రోబ్ సాకెట్ కింద కాదు, చిప్ కాలు మీదే పెట్టి చూడండి. అలాగే పవర్ వచ్చే 9వ కాలికి ఎన్ని వోల్టులు వస్తున్నాయి? చిప్ 5 వోల్టులకీ పనిచేస్తుంది, కానీ రాస్ప్‌బెర్రీ పై పిన్నులు 3.3 దాటితే తట్టుకోవు, కాబట్టి పుల్అప్ రెసిస్టర్లు (డేటా, క్లాక్ తీగల్ని వోల్టేజీకి లాగి ఉంచేవి) 5కి పోతుంటే వెంటనే తీసేయండి.

ప్రశ్న అడిగినవాణ్ణి:
9వ కాలు దగ్గర 3.28. సాకెట్ వెనక 18 దగ్గర కూడా 3.28 వస్తోంది. చిప్ కాలు మీద పెడదామని చూస్తే... అక్కడ కాలే లేదండీ! చిప్ కిందకి మడిచిపోయి పొట్టకి అతుక్కుని ఉంది, పై నుంచి చూస్తే అస్సలు తెలియట్లేదు.

జవాబు 2:
అదే! పవర్ తీసేసి, సన్న స్క్రూడ్రైవర్‌తో ఈ కొస కొంచెం ఆ కొస కొంచెం లేపుతూ చిప్ బయటికి తీయండి, ఒకే వైపు నుంచి లేపితే మిగతావీ వంగుతాయి. మడిచిన కాలిని మెల్లగా ఒక్కసారే నిటారు చేయండి, రెండుమూడు సార్లు వంచితే తెగిపోతుంది. కొత్త చిప్ కాళ్లు ఎప్పుడూ కొంచెం బయటికి చాపుకునే వస్తాయి, అందుకే బల్ల మీద పక్కకి ఆనించి 14 కాళ్లూ ఒకేసారి లోపలికి నొక్కి, ఆ తర్వాతే సాకెట్‌లో పెట్టాలి. చిప్ ఒక కొసన ఉండే గాటు ఏ వైపో ఇంకోసారి చూసుకోండి. పాపకి చెప్పండి, సోల్డరింగ్‌లో తప్పేం లేదని.

ప్రశ్న అడిగినవాణ్ణి:
పదిసార్లు కొట్టాను, పదిసార్లూ 20 వచ్చింది! పాపే కాలు నిటారు చేసింది, ట్వీజర్‌తో, ఊపిరి బిగబట్టి. ఏడు ఎల్ఈడీలు వెలిగాయి, ఐదోది వెలగలేదు, చూస్తే చదునుగా కోసిన అంచు మిగతావాటికి ఎదురు వైపు ఉంది. అది నేను పెట్టిందే. ఇప్పుడు తీసి తిప్పుతున్నాం. ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ.