స్పానిష్ 'తెనేర్': మన 'ఉంది'ని ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: తెనేర్ అంటే కలిగి ఉండటం. దాని వర్తమాన రూపాలు తెంగో (నాకు ఉంది), తియేనెస్ (నీకు), తియేనె (అతనికి, ఆమెకు), తెనేమోస్ (మాకు), తియేనెన్ (వాళ్లకు). ఒకే క్రియకు మూడు మొహాలు. ఇందులో లెక్క ఏమైనా ఉందా, బట్టీ పట్టాల్సిందేనా? 'నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు' అనాలంటే ఆ 'నాకు' ఎక్కడ పెట్టాలి?

జవాబు: లెక్క ఉందండీ. పలుకులో ఊనిక (ఒత్తి పలకడం) ధాతువు మీద పడితే 'తె' కాస్తా 'తియె' అవుతుంది: తియేనెస్, తియేనె, తియేనెన్. ఊనిక ప్రత్యయం మీదికి జారితే 'తె' అలాగే ఉంటుంది: తెనేమోస్. స్పెయిన్‌లో 'మీరంతా' అనడానికి వాడే తెనేయిస్ కూడా అంతే. లాటిన్ అమెరికా స్పానిష్ నేర్చుకునేవాళ్లకు తెనేయిస్‌తో పని లేదు, అక్కడ 'మీరంతా'కు కూడా తియేనెన్ చాలు. అర్జెంటీనాలో 'నువ్వు'కు 'బోస్ తెనేస్' అంటారు. అక్కడ ఊనిక చివర పడింది, అందుకే 'తియె' రాలేదు. ఈ లెక్కకు లొంగనిది తెంగో ఒక్కటే. దాన్ని బెంగో (వస్తాను), పోంగో (పెడతాను), సాల్గో (బయల్దేరతాను)తో కలిపి ఒక జట్టుగా నేర్చుకోండి. ఈ జట్టు భవిష్యత్తులోనూ విడిపోదు: తెంద్రే, బెంద్రే, పోంద్రే, సాల్ద్రే. మధ్య అచ్చు రాలిపోయాక 'న్‌ర్', 'ల్‌ర్' నోరు తిరగక 'ద' దూరింది. 'నువ్వు' ఆజ్ఞలూ అంతే పొట్టి: తెన్, బెన్, పోన్, సాల్.

ఇక 'నాకు'. అది మాయమైపోతుంది! స్పానిష్‌లో ఎవరికి ఉందో వాళ్లే కర్త: తెంగో దోస్ ఎర్మానోస్. ఎర్మానోస్ అంటే అన్నలో తమ్ముళ్లో తెలియదు, అన్నలే అనాలంటే 'మయోరెస్' చేర్చాలి. 'నాకు' అనే 'మే'ని చేర్చి 'మే తెంగో' అనకండి. 'నాకు'ను దాచుకుని గుస్తార్ (నచ్చడం) దగ్గర వాడండి: 'నాకు నచ్చింది' మన వరసలోనే 'మే గుస్తా'.

ఇంకొకరు: అసలు చిక్కు మన 'ఉంది'. ఒక్క మాటకు అక్కడ మూడు క్రియలు. గదిలో కుర్చీ ఉంది: ఆయ్ ఊనా సియ్యా ఎన్ ఎల్ క్వార్తో. ఆ కుర్చీ గదిలో ఉంది: లా సియ్యా ఎస్తా ఎన్ ఎల్ క్వార్తో. నాకు కుర్చీ ఉంది: తెంగో ఊనా సియ్యా. కొత్తగా ఏదో ఉందని చెబితే ఆయ్, తెలిసినది ఎక్కడుందో చెబితే ఎస్తా, ఎవరికో ఉంటే తెనేర్. మూడూ పక్కపక్కన పెట్టుకుని ఇంట్లో వస్తువులతో వాక్యాలు కట్టడం మంచి సాధన.

మరొకరు: ఆకలి, దాహం, చలి, వయసు, అన్నీ తెనేర్‌తోనే. ఆంబ్రె (ఆకలి) నామవాచకం, కాబట్టి 'చాలా ఆకలి'కి విశేషణాల ముందు వచ్చే ముయ్ (చాలా) పనికిరాదు, 'తెంగో ముచా ఆంబ్రె' అనాలి. ఉక్కగా ఉంటే 'తెంగో కలోర్'. 'ఎస్తోయ్ కలియెంతె' అంటే చాలాచోట్ల కామం మీదికి పోతుంది. వయసు చెప్పేటప్పుడు ఆన్యోస్ (ఏళ్లు)లో న మీది అల గుర్తు మరిస్తే ఆనోస్, అంటే మలద్వారాలు. ఫోన్‌లో స్పానిష్ కీబోర్డు పెట్టుకోండి.

భూతకాలం గురించి: తెనేర్‌కు తూబె, తెనీయా అని రెండు భూతకాల రూపాలు ఎందుకని అడుగుతారు. 'తూబె కె ఇర్' అంటే వెళ్లాల్సి వచ్చింది, వెళ్లాను. 'తెనీయా కె ఇర్' అంటే వెళ్లాల్సి ఉండింది, వెళ్లానో లేదో ఆ వాక్యం చెప్పదు. మామూలుగా 'అప్పుడు నాకు ఇరవై ఏళ్లు' అనడానికి తెనీయానే. ఇంగ్లిష్ ద్వారా నేర్చుకునేవాళ్లు 'తిన్నాను'కు 'తెంగో కొమీదో' అనేస్తుంటారు. అక్కడ సహాయక క్రియ అబేర్: ఎ కొమీదో.

చిన్న చేర్పు: మాంతెనేర్ (నిలిపి ఉంచడం), ఒబ్తెనేర్ (పొందడం), దెతెనేర్ (ఆపడం, పట్టుకోవడం) కూడా ఇదే మూస. పోలీసులు ఒకణ్ణి పట్టుకున్నారంటే 'దెతూబియేరోన్'. 'దెతెనియేరోన్' తప్పు.